కరపత్రం సాక్ష్యం కాదు: జ్బిగ్‌న్యెవ్ రషెవ్‌స్కిని తలచుకుంటూ

అందరికీ నమస్కారం.

నాటకం అయిపోయాక ఏం మిగులుతుంది? తెర దించేస్తారు, నటులు రంగు కడుక్కుంటారు, దుస్తులు పెట్టెలోకి పోతాయి, సెట్టు విప్పి బండికెక్కిస్తారు. తెల్లారేసరికి వేదిక మీద ఒక్క మేకు కూడా ఉండదు. శిల్పం రాయిలో ఉంటుంది, పద్యం పుస్తకంలో ఉంటుంది. ప్రదర్శన మాత్రం ఎక్కడా ఉండదు. దాని చుట్టూ పోగైన కాగితాలు మిగులుతాయి. కరపత్రం, తెర చాటు నుంచి నటులకు మాటలు అందించే ప్రాంప్టర్ ప్రతి, కిరాణా లెక్క, పేపర్లో నాలుగు ముక్కలు. ఆ కాగితాలను ఎలా చదవాలో ఒక దేశానికి నేర్పిన మాస్టారి గురించి ఈ ప్రసంగం.

జ్బిగ్‌న్యెవ్ రషెవ్‌స్కి 1925 ఏప్రిల్ 5న పోలండ్‌లోని పోజ్నాన్‌లో పుట్టారు. 1992 ఆగస్టు 7న వార్సాలో పోయారు. బాల్యం బిద్‌గోష్చ్ పట్టణంలో గడిచింది. 1930 నుంచి 1945 దాకా ఆ ఊరి గురించి రాసిన జ్ఞాపకాలకు ఆయన పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే ‘చోద్యం చూసేవాడి జ్ఞాపకాలు’ అనాలి. ఆ పుస్తకం ఆయన పోయాక 1994లో వచ్చింది. నాటకాన్ని వేదిక మీది నుంచి కాక, కుర్చీలోంచి, నిలబడిన చోటి నుంచి, వీధి మలుపు దగ్గర నుంచి చూసే మనిషి తనను తాను అలా పిలుచుకోవడం నాకు సరిగ్గానే అనిపిస్తుంది.

ఆయన దర్శకుడిగా కాదు, చరిత్రకారుడిగా పేరు పొందారు. 1952లో దర్శకుడు లెయోన్ షిల్లర్ ‘పామ్యెంత్నిక్ తెయాత్రాల్నీ’ అనే త్రైమాసిక పత్రిక మొదలుపెట్టినప్పుడు, రషెవ్‌స్కి ఇరవై ఏడేళ్ల కుర్రవాడు. మొదటి నుంచీ ఆ పత్రిక పనిలో ఉన్నారు. 1954లో షిల్లర్ పోయాక బోహ్‌దాన్ కోజెన్యెఫ్‌స్కితో కలిసి దశాబ్దాల పాటు దాన్ని నడిపారు. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది. వార్సా నాటక విద్యాలయంలో థియేటర్ చరిత్ర, సిద్ధాంతం చదివే విభాగంలో పాఠాలు చెప్పారు. ఆయన పేరు మీద 2003లో వార్సాలో థియేటర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది.

ఈ చదువు పోలండ్‌లో ఇంత కఠినంగా ఎందుకు తయారైందో ముందు చెప్పాలి. 1939 సెప్టెంబరులో జర్మన్ బాంబులకు వార్సాలోని ‘తెయాత్ర్ వ్యెల్కీ’, అంటే పెద్ద థియేటర్, కూలిపోయింది. 1944లో వార్సా తిరుగుబాటు అణిగాక, జర్మన్ సైన్యం ఊరిని పద్ధతి ప్రకారం తగలబెట్టింది. ఒకుల్నిక్ వీధిలోని క్రషిన్‌స్కి గ్రంథాలయంలో భద్రం చేద్దామని వేరే గ్రంథాలయాల రాతప్రతులు కూడా ఒకచోటికి చేర్చారు. ఆ అక్టోబరులో అన్నీ కలిసి బూడిదయ్యాయి. ఒకచోటికి చేర్చడమే శాపమైంది. కాబట్టి 1950లలో థియేటర్ చరిత్ర రాయబోయినవాడి ముందు రెండే దారులు. మూలం పోయింది గనక పాత రచయిత రాసిన మాటనే నమ్మడం, లేదా మిగిలిన ప్రతి చీటీనీ పోలీసు విచారణలా ప్రశ్నించడం. రషెవ్‌స్కి తరం రెండో దారి పట్టింది.

కాలిపోకముందే కొందరు కాగితాలను ఎత్తి రాసి పెట్టడం అదృష్టం. కరోల్ ఎస్ట్రైహెర్ 1870లలో మూడు సంపుటాల్లో పోలిష్ థియేటర్ల చరిత్ర రాశాడు. లుద్విక్ బెర్నాట్స్‌కి 1925లో ల్వూఫ్ నగరం నుంచి, పద్ధెనిమిదో శతాబ్దపు పోలండ్ రాజు స్టానిస్వాఫ్ ఆగస్ట్ కాలపు నాటక, సంగీత పత్రాలను రెండు సంపుటాలుగా అచ్చు వేశాడు. తర్వాతి వాళ్లు చాలాచోట్ల ఈ పుస్తకాల మీదే ఆధారపడాల్సి వచ్చింది. చిక్కేమిటంటే, ఎత్తి రాసినవాడు ఒక అంకె తప్పు రాస్తే ఆ తప్పే ఇప్పుడు మూలం.

ఇక పనిబల్ల దగ్గరికి వెళ్దాం. రెండు వందల ఏళ్ల కిందటి ఒక్క సాయంత్రం ప్రదర్శనను తిరిగి నిలబెట్టాలంటే ఏం చేస్తాం?

మొదట కరపత్రం. ఇదే అందరికంటే ముందు దొరుకుతుంది, అందరికంటే ఎక్కువ మోసం చేస్తుంది. ప్రదర్శనకు ముందు అచ్చయిన కాగితం అది. ఫలానావాళ్లు ఫలానా వేషం వేస్తారని మాట ఇస్తుంది, వేశారని చెప్పదు. నటికి గొంతు పట్టేసి ఉండొచ్చు, ఆఖరి నిమిషంలో వేరే నాటకం ఆడి ఉండొచ్చు, జనం రాక ఆటే కట్టేసి ఉండొచ్చు. అందుకే కరపత్రం మీది పేరును ‘ప్రకటించిన పాత్రధారి’ అని ఒక గడిలో రాసుకోవాలి. ‘ఆడిన పాత్రధారి’ అన్నది రెండో గడి. మర్నాటి పేపరు, జీతాల చిట్టా, చూసినవాడి ఉత్తరం, ఇలా ఇంకో ఆధారం దొరికేదాకా ఆ రెండో గడి ఖాళీగానే ఉండాలి. ఖాళీ గడిని చూసి సిగ్గుపడి నింపేసేవాళ్ల వల్లే సగం తప్పులు పుట్టాయి.

కరపత్రంతో రెండో పేచీ సంవత్సరం. వారం ఉంటుంది, తేదీ ఉంటుంది, సంవత్సరం చాలాసార్లు ఉండదు. రేపటి ఆటకు వచ్చేవాడికి ఇది ఏ సంవత్సరమో తెలుసు కదా! మన ఊళ్ల పాత నాటకాల కరపత్రాలు తిరగేసినవాళ్లకు ఇది కొత్త కాదు. అప్పుడు లెక్క కట్టాలి. మామూలు సంవత్సరం గడిస్తే అదే తేదీ వారంలో ఒక రోజు ముందుకు జరుగుతుంది, మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు రోజులు జరుగుతుంది. మొత్తం ఏడు జరిగితే మళ్లీ అదే వారం. ఉదాహరణకు ‘శనివారం, మార్చి 1’ అని మాత్రమే ఉన్న వార్సా కరపత్రం దొరికిందనుకోండి. అది 1783 కావచ్చు, 1788, 1794, 1800, 1806 కూడా కావచ్చు. 1800ను లీపు సంవత్సరంగా లెక్కేసినవాడు అక్కడి నుంచి ఒక రోజు తప్పి పోతాడు. గ్రెగోరియన్ లెక్కలో 1800కు ఫిబ్రవరి 29 లేదు. ఇప్పుడు ఈ ఐదింటిలో ఒకటి ఎంచడానికి నటుల పేర్లు చూడాలి. ఎవరు అప్పటికి ఆ బృందంలో చేరారు, ఎవరు వెళ్లిపోయారు, ఎవరు చనిపోయారు. తర్వాత టికెట్టు ధర, ముద్రాపకుడి పేరు, అచ్చు అక్షరాల తీరు.

పంచాంగం ఇంకో గోతి. పోలండ్ 1582లోనే గ్రెగోరియన్ పంచాంగంలోకి మారింది. రష్యన్ సామ్రాజ్యం పాత జూలియన్ లెక్కనే పట్టుకు వేలాడింది. రెండింటికీ తేడా పద్ధెనిమిదో శతాబ్దంలో 11 రోజులు, పంతొమ్మిదిలో 12, ఇరవైలో 13. పోలండ్ ముక్కలై ఒక భాగం రష్యా కిందికి పోయాక, పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చిన సెన్సారు ఉత్తర్వు మార్చి 1 అంటే వార్సా పేపర్లో అది మార్చి 13. ఈ సంగతి మరిస్తే, నిషేధించిన నాటకాన్ని నిషేధం తర్వాత కూడా ధైర్యంగా ఆడారని వీరగాథ రాసేస్తాం. నిజానికి ఆడిన రోజుకు ఉత్తర్వే పుట్టలేదు.

రెండోది ప్రాంప్టర్ ప్రతి. నా దృష్టిలో దీన్ని మించిన సాక్షి లేదు, దీన్ని మించి తికమక పెట్టేదీ లేదు. ల్వూఫ్ థియేటర్ వాడిన ఇలాంటి ప్రతుల పెద్ద సేకరణ ఇప్పుడు కటోవీత్సెలోని సైలీషియన్ గ్రంథాలయంలో ఉంది. చేతిరాత పుస్తకం, అంచులు నూనె మరకలతో నల్లబడి ఉంటాయి. సంభాషణల మీద అడ్డగీతలు, పక్కన గంట గుర్తు, ‘తెర’ అన్న మాట, ఎవరో చివర రాసిన సమయం. కొత్తగా చూసినవాడు ఇదంతా ఒకే ప్రదర్శనదని అనుకుంటాడు. కాదు. ఒకే పుస్తకాన్ని ఇరవై, ముప్ఫై ఏళ్లపాటు వాడతారు. మొదటిసారి గోధుమ రంగు సిరాతో కత్తిరించిన సంభాషణను రెండోసారి ఆడినప్పుడు కింద చుక్కలు పెట్టి మళ్లీ కలుపుకుంటారు, మూడోసారి ఎర్ర పెన్సిలుతో సీను సీనే కొట్టేస్తారు.

చదివే పద్ధతి ఇలా ఉంటుంది. ముందు కథ చదవొద్దు, చేతులు చదవండి. ఎన్ని చేతిరాతలు, ఎన్ని సిరాలు, ఎన్ని రకాల పెన్సిళ్లు ఉన్నాయో వేరు చేసి ఒక్కోదానికి అ, ఆ, ఇ, ఈ అని పేరు పెట్టండి. ఏది దేని మీద నుంచి పోయిందో చూడండి. పైనున్నది తర్వాతిది. ఆపైన అంచుల్లో పాత్రధారుల పేర్లు ఎక్కడైనా ఉంటే వాటిని కరపత్రాలతో పోల్చి ఒక్కో పొరకు కాలం కట్టండి. ఏ పొరకూ అంటని గుర్తులు చివర్లో కొన్ని మిగులుతాయి. వాటిని ‘కాలం తెలియనివి’ అని వదిలేయాలి. పొరలన్నీ కలిపి ఒక్క నాటకంగా వర్ణిస్తే జరిగేది ఇది: ఎవరూ ఎన్నడూ ఆడని, ఎవరూ ఎన్నడూ చూడని ప్రదర్శన ఒకటి మన పుస్తకంలో పుడుతుంది, అద్భుతంగా కూడా ఉంటుంది.

సెన్సారుకు పంపిన ప్రతి వేరే జాతి. అది శుభ్రంగా ఉంటుంది, ముద్ర ఉంటుంది, ప్రతి పేజీ లెక్క సరిగ్గా ఉంటుంది. అధికారి చదివింది అదే. వేదిక మీద పలికింది మాత్రం అదే అని ఎవరూ హామీ ఇవ్వలేరు. సెన్సారు ప్రతి, ప్రాంప్టర్ ప్రతి రెండూ దొరికితే పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతి వాక్యాన్నీ రాసుకోవాలి. థియేటర్ చరిత్రలో రుచి అంతా ఆ తేడాలోనే ఉంటుంది.

నాటకం పేరు ఒకటే అయినంత మాత్రాన నాటకం ఒకటే కాదు. 1798లో ల్వూఫ్‌లో పోలిష్ భాషలో మొదటి ‘హామ్లెట్’ ఆడారు. నటుడు, రచయిత, బృందం యజమాని వోయ్‌చెహ్ బొగుస్వాఫ్‌స్కి దాన్ని జర్మన్ నటుడు ష్రోడర్ అనుసరణ నుంచి తెచ్చుకున్నాడు. అందులో హామ్లెట్ చావడు! ‘1798లో హామ్లెట్ ఆడారు’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే చదివేవాడి కళ్ల ముందు శవాల గుట్ట కనిపిస్తుంది. ఆ సాయంత్రం ప్రేక్షకులు చూసింది అది కాదు. మన దగ్గర ‘కన్యాశుల్కం’ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ తిరగరాసింది. ఏ రూపం అన్నది చెప్పకుండా ‘కన్యాశుల్కం ఆడారు’ అంటే ఏమీ చెప్పనట్టే.

సమీక్షల సంగతి క్లుప్తంగా. సమీక్షకుడు సాధారణంగా మొదటి ప్రదర్శనకే వస్తాడు, ఆ రోజు నటులు వణుకుతూ ఉంటారు. పదో రోజు ప్రదర్శన వేరుగా ఉంటుంది, దాన్ని గురించి రాసినవాడు ఉండడు. 1815 నుంచి 1819 దాకా వార్సాలో ‘ఇక్స్’ అనే సంఘం ఉండేది. కులీనులు, రచయితలు కొందరు కలిసి నాటకాల మీద సమీక్షలు రాసి, కింద సంతకం బదులు ఎక్స్ గుర్తు పెట్టేవారు. ఆ గుర్తు వెనక ఒక్క మనిషి లేడు, ఒక బల్ల చుట్టూ కూర్చున్న గుంపు ఉంది. ఒక వ్యాసంలో మెచ్చుకున్న నటుడిని ఇంకోదాంట్లో తిడితే విమర్శకుడు మనసు మార్చుకున్నాడని అనుకోకూడదు. చేయి మారి ఉండొచ్చు.

బొమ్మలతో ఇంకా జాగ్రత్త. పాత్ర వేషంలో నటుడి చెక్కుడు బొమ్మ చాలాసార్లు చిత్రకారుడి గదిలో తయారవుతుంది, వేదిక దగ్గర కాదు. పంతొమ్మిదో శతాబ్దపు ఫొటోలు కూడా స్టూడియోవే. అప్పటి పలకకు చాలా వెలుగు కావాలి, మనిషి కదలకుండా నిలబడాలి. కాబట్టి ఆ ఫొటో చూసి దుస్తుల గురించి చెప్పవచ్చు, నటన గురించి చెప్పకూడదు. వెనక ఉన్న తెర ఫొటో తీసినవాడిదే.

కొలతల దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే రషెవ్‌స్కి భవనాన్ని కూడా పాత్రలాగే పట్టించుకున్నారు. వార్సాలో క్రషిన్‌స్కి చౌకు దగ్గరి థియేటర్ మీద ఆయన రాసిన పుస్తకం ఆయన పోయాక 1995లో వచ్చింది. ఆ భవనం 1779లో తెరుచుకుంది, 1833లో పెద్ద థియేటర్ కట్టేదాకా వార్సా నాటకానికి అదే ఇల్లు. ఇప్పుడు లేదు. పాత ప్లాన్లలో కొలత ‘వోకియెచ్’లో, అంటే మూరల్లో ఉంటుంది. వార్సా మూర 59.55 సెంటీమీటర్లు. 1819లో కొత్త కొలతలు వచ్చాక మూర 57.6 సెంటీమీటర్లకు తగ్గింది. ఒక వేదిక లోతు 20 మూరలు అని కాగితం చెబితే పాత లెక్కలో అది 11.91 మీటర్లు, కొత్త లెక్కలో 11.52. తేడా 39 సెంటీమీటర్లు. ఇంతేనా అనుకోవద్దు. పక్క తెరల వరసలు వెనక్కి వెళ్లేకొద్దీ ఆ తేడా దారిలో ఒక మనిషి పట్టడమా పట్టకపోవడమా అన్నంత అవుతుంది. ప్లాను ఎప్పుడు గీశారో తేల్చకుండా స్కేలు పట్టుకోకూడదు.

ఇప్పుడు ఈ పనిముట్లతో ఒక సాయంత్రాన్ని చూద్దాం. 1794 మార్చి 1, శనివారం, క్రషిన్‌స్కి చౌకులోని థియేటర్. ‘ఉత్తుత్తి అద్భుతం, లేదా క్రాకోవ్ వాళ్లు, కొండవాళ్లు’ అనే సంగీత నాటకం మొదటిసారి ఆడారు. రచన బొగుస్వాఫ్‌స్కి, సంగీతం యాన్ స్తెఫాని. క్రాకోవ్ పక్కన మొగీవా అనే పల్లె. పల్లెవాళ్లకూ కొండవాళ్లకూ పెళ్లి విషయంలో తగాదా. బార్దోస్ అనే పేద విద్యార్థి విద్యుత్తు పుట్టించే యంత్రంతో కొండవాళ్లకు షాకు తగిలించి, అదేదో అద్భుతమనిపించి, రెండు వర్గాలనూ కలుపుతాడు. బార్దోస్ వేషం బొగుస్వాఫ్‌స్కిదే. మూడు ప్రదర్శనలు కాగానే నాటకాన్ని ఆపేశారు. మార్చి 24న క్రాకోవ్‌లో కోష్చూష్కో అనే సేనాని రష్యా మీద తిరుగుబాటు ప్రకటించాడు. మూడు వారాల తేడా.

ఇక్కడే కథలు అల్లుకుంటాయి. నాటకం వల్లే తిరుగుబాటు వచ్చిందని, పాటల్లో రహస్య సందేశం ఉందని, నటులు రాత్రికి రాత్రి పదాలు మార్చి పాడారని. బొగుస్వాఫ్‌స్కి స్వయంగా జాతీయ థియేటర్ చరిత్ర రాశాడు కదా, చూసి తేల్చేద్దాం అంటారు. అది అచ్చయింది 1820లో. ఇరవై ఆరేళ్ల తర్వాత. అప్పుడు వార్సాకు రాజు రష్యా జారే, అంతకు ముందు ఏడాదే సెన్సారు వచ్చింది. రష్యాకు వ్యతిరేకంగా జరిగిన తిరుగుబాటులో తన పాట పాత్ర ఎంతో ఆయన అక్కడ బాహాటంగా రాయగలడా? రాయలేదంటే జరగలేదని అర్థమా? పైగా ఆయన తన గొప్ప తాను చెప్పుకునే నటుడు. ఇలా ఒక్కో వాక్యానికీ మూడు ప్రశ్నలు: ఎప్పుడు రాశాడు, ఎవరి కోసం రాశాడు, రాయడానికి వీలు కానిది ఏమిటి? రషెవ్‌స్కి 1972లో రెండు సంపుటాల ‘బొగుస్వాఫ్‌స్కి’ జీవితచరిత్ర తెచ్చారు. పోలిష్ థియేటర్‌కు తండ్రి అని అందరూ దండలు వేసిన మనిషిని అప్పులతో, ప్రయాణాలతో, బృందాన్ని పోషించే తిప్పలతో నిలబెట్టిన పుస్తకం అది. 1757లో పుట్టి 1829లో పోయిన ఆ మనిషి వార్సా, విల్నియస్, ల్వూఫ్ మధ్య బండ్లు కట్టుకుని తిరిగాడు. విగ్రహం తిరగదు కదా!

ఇలాంటి పని ఒక్కడు చేసి ముగించేది కాదు. అందుకే నిఘంటువు. రషెవ్‌స్కి సంపాదకత్వంలో 1973లో పోలిష్ థియేటర్ జీవితచరిత్ర నిఘంటువు వచ్చింది, 1765 నుంచి 1965 వరకు. ఆ మొదటి సంవత్సరం ఊరికే పెట్టింది కాదు. 1765 నవంబర్ 19న వార్సాలో రాజు పోషణలోని ప్రజా థియేటర్ తలుపులు తెరిచింది. 1965 వైపు గేటు ఇంకా కచ్చితం. అప్పటికి చనిపోయినవాళ్లకే చోటు. బతికున్నవాళ్ల జాబితా పెడితే ఎవరి మొహమాటాలు వాళ్లకుంటాయి, అది నా మాట.

నిఘంటువులో ఒక ఆరోపం, అంటే ఒక మనిషి గురించిన పద్దు, ఎలా కూరుస్తారో చూడండి. ముందు అసలు పేరు, రంగస్థల పేరు, పెళ్లి తర్వాతి పేరు. పుట్టిన, పోయిన తేదీలు, ఊళ్లు. ఏ పని: నటుడా, గాయకుడా, దర్శకుడా, బృందం యజమానా. కుటుంబంలో ఇంకెవరు నాటకాల్లో ఉన్నారు. ఏ సీజన్‌లో ఏ ఊళ్లో. ముఖ్యమైన వేషాలు. చివర ఆధారాలు, దొరికే బొమ్మలు. ఎక్కువ శ్రమ పేరు దగ్గరే. నటి హెలెనా మొద్‌జెయెఫ్‌స్కాను తీసుకోండి. 1840లో క్రాకోవ్‌లో పుట్టినప్పుడు యద్విగా బెండా, తర్వాత హెలెనా ఓపిద్. రంగస్థలం మీద మొద్‌జెయెఫ్‌స్కా, ఆ పేరూ తనతో ఉన్న నటుడు పెట్టుకున్న మారుపేరు నుంచి వచ్చిందే. పెళ్లితో ఖ్వాపోఫ్‌స్కా. అమెరికాలో 1877లో వేదిక ఎక్కేటప్పుడు అక్కడివాళ్ల నోరు తిరగదని మోజెస్కా. ఆమె ప్రసిద్ధురాలు గనక ఐదు పేర్లూ ఒకరివేనని అందరికీ తెలుసు. ఊరూరా తిరిగిన బృందంలో మూడో వరస నటి మూడుసార్లు పేరు మారిస్తే ఆమె నిఘంటువులో ముగ్గురు మనుషులవుతుంది. రెండో ప్రమాదం దీనికి తలకిందులు: ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ములిద్దరూ కరపత్రాల మీద ఇంటిపేరుతోనే ఉంటే ఒక్కడే అయిపోతారు, ఒకే రోజు రెండు ఊళ్లలో ఆడేస్తాడు. ఇద్దరిని పట్టుకునే ఉపాయం కూడా అదే. ఒకే తేదీకి రెండు ఊళ్లు తగిలితే అనుమానించాలి.

పాత కాగితాలతో ఇంత కుస్తీ పట్టిన మనిషి తన కాలంలో ఏం చేశారు? చిట్టా రాశారు. ఆయన డైరీ పేరు ‘రప్తులాష్’. పాతకాలపు పోలిష్ మాట, ఎప్పటికప్పుడు గబగబా గీకి పెట్టుకునే పుస్తకం. మనకు చిట్టా, ఆవర్జా అని రెండు ఉన్నాయే, అందులో చిట్టా. ఆవర్జా తీరిగ్గా సర్ది రాసేది, అందులో తెలివి దూరుతుంది. చిట్టాలో ఆ రోజు ఉంటుంది. 1967, 1968 సంవత్సరాల చిట్టా 1993లో అచ్చయింది. 1967 నవంబర్ 25న వార్సా జాతీయ థియేటర్లో కజీమ్యెష్ దెయ్‌మెక్ దర్శకత్వంలో పోలిష్ కవి మిత్స్‌క్యెవిచ్ రాసిన ‘జ్యాదీ’ మొదలైంది. చోద్యం ఏమిటంటే, అది రష్యా అక్టోబర్ విప్లవానికి యాభై ఏళ్ల పండుగలో భాగంగా పెట్టిన నాటకం. జార్ జైళ్ల మీద కోపంతో రాసిన మాటలకు 1967 ప్రేక్షకులు తమ కాలానికి అన్వయించుకుని చప్పట్లు కొట్టారు. కొన్రాద్ వేషంలో గుస్తావ్ హోలోఉబెక్. 1968 జనవరి 30, మంగళవారం, ప్రభుత్వం నాటకాన్ని ఆపించడంతో ఆఖరి ప్రదర్శన. ఆట ముగిశాక విద్యార్థులు మిత్స్‌క్యెవిచ్ విగ్రహం దగ్గరికి ఊరేగింపుగా వెళ్లారు. మార్చి 8న విశ్వవిద్యాలయంలో సభ, దాని మీద లాఠీలు. రషెవ్‌స్కి ఆ రోజుల గురించి అప్పటికప్పుడే రాసి పెట్టుకున్నారు. తర్వాతి కాలంలో ప్రతివాడూ ఆ ఆఖరి రాత్రి తాను హాల్లో ఉన్నానని చెప్పుకున్నా, ఆ హాల్లో కుర్చీలు లెక్కే కదా.

మనకు నేరుగా తగిలే ఉదాహరణ ఒకటుంది. 1942 జులై 18, శనివారం, జర్మన్లు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలో యానుష్ కోర్చాక్ నడిపిన అనాథాశ్రమం పిల్లలు రవీంద్రనాథ్ టాగూర్ ‘డాక్‌ఘర్’ ఆడారు. ఆహ్వానపత్రం మిగిలింది. కోర్చాక్ డైరీ మిగిలింది. నాలుగు రోజులకు, జులై 22న, ఘెట్టో నుంచి జనాన్ని ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించడం మొదలైంది. ఆగస్టు మొదటి రోజుల్లో పిల్లలనూ కోర్చాక్‌నూ తీసుకుపోయారు. ఈ కథను ఇక్కడ చాలామంది కన్నీళ్లతో చెబుతారు, చెప్పాల్సిందే. చెప్పేటప్పుడు మాత్రం గడులు వేరుగా ఉంచండి. ఆహ్వానపత్రం తేదీ చెబుతుంది. కిటికీ పక్కన, నాటకంలోని జబ్బు పిల్లవాడు అమల్ మంచం ఎటు తిప్పి వేశారో చెప్పదు. ఆ మంచాన్ని మన ఊహతో జరిపి, అదే జరిగిందని రాస్తే ఆ పిల్లల ఆటను మళ్లీ చెరిపేసినట్టే.

రషెవ్‌స్కి చివరి ఏళ్ల పుస్తకం ఒకటి 1991లో వచ్చింది. నాటకం స్వభావం మీద తొంభై ఒక్క ఉత్తరాలు. అంతకు ముందు 1977లో పోలిష్ థియేటర్ సంక్షిప్త చరిత్ర రాసిన మనిషి, చరిత్ర పక్కనపెట్టి అసలు నాటకం అంటే ఏమిటని మొదటి నుంచి అడిగారు. పోలిష్‌లో ‘విదోవిస్కో’ అని ఒక మాట ఉంది, జనం గుమిగూడి చూసేదేదైనా. క్రీడ, సర్కస్, ఊరేగింపు, ఉత్సవం. వాటన్నిటి మధ్య నాటకం ఎక్కడ నిలబడుతుందన్నది ఆయన ప్రశ్న. దీన్ని తెలుగులో వివరించడం తేలిక, ఎందుకంటే మనకు ‘ఆట’ అన్న మాట ఉంది. కబడ్డీ ఆటే, తోలుబొమ్మలాటే, సినిమాకు మొదటి ఆట రెండో ఆట, యక్షగానం ఆడతారు, వేషం వేస్తే నాటకం ఆడతారు. ఆయన ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి వేరు చేసిన పోగులు మన మాటలో ఇంకా పేనుకునే ఉన్నాయి. ఎవరైనా ఆ పుస్తకాన్ని తెలుగులోకి తెస్తే అనువాదకుడికి పేరు దగ్గరే సుఖం, లోపల కష్టం.

ఇక మీ చేతిలో పని. ఈ వారం ఏదైనా నాటకానికి వెళ్తారు. కరపత్రం అడిగి రెండు తెచ్చుకోండి, ఒకటి మడవకుండా దాచండి. రెండోదాని మీద ఆట మొదలైన సమయం, విరామం ఎన్ని నిమిషాలు, ముగిసిన సమయం రాయండి. ప్రకటించినవాళ్ల బదులు ఎవరైనా ఆడితే, ఆ పేరు కొట్టేయకుండా పక్కన రాసి, ఎవరు చెప్పారో కూడా రాయండి. మైకు పోయిందా, కరెంటు పోయిందా, ఎక్కడ నవ్వారు, ఎక్కడ లేచిపోయారు. ఇంటికి వెళ్లాక కాదు, బస్సులోనే. వాట్సాప్‌లో వచ్చిన పోస్టరును నమ్ముకోవద్దు, దాంట్లో వారం ఉంటుంది, తేదీ ఉంటుంది, సంవత్సరం ఉండదు. టికెట్టు బిల్లు యంత్రంలో వచ్చిన నున్నటి కాగితమైతే ఆ అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, ఆ రోజే నకలు తీయించండి. కరపత్రం వెనక ఒక మూల, పెన్సిలుతో, సంవత్సరం వేయండి.